వెదకి చూడవలసిన చిత్రములు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమునందలి ఝపటాపూర్ వంటి పేటలలో తెలుగు మాట చెవిని పడుట వింత కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవారు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఇచ్చట పెద్ద వర్క్‌షాపును నెలకొల్పినది మొదలు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి పనికై రైలెక్కి వచ్చి, క్వార్టర్సులలో కాపురములు పెట్టి, పిల్లలను చదివించుకొని, ఉద్యోగవిరమణానంతరము సైతము ఈ గడ్డను విడువలేక ఇండ్లు కట్టుకొని నిలిచిపోయిన కుటుంబములు ఇచ్చట అనేకము కలవు. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, బెంగాలీ, హిందీ, ఒడియా భాషల నడుమ, తరతరములుగా ఇంట తెలుగును నిలుపుకొని వచ్చిన ఈ జనుల భాషకు అధికార ప్రతిపత్తి కల్పించుటకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో ఆమోదము తెల్పుట వారి సంఖ్యకును, పట్టుదలకును తార్కాణము.

ఇట్టి ఇండ్లకు తెలుగు సినిమా ఇప్పుడు ఓటీటీ మార్గముననే ఎక్కువగా చేరుచున్నది. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలోను, అమెజాన్ ప్రైమ్ వీడియో ఆ యేడు డిసెంబరులోను మనదేశమున అడుగుపెట్టగా, ఆ రెంటి నడుమ సెప్టెంబరులో జియో సేవలు మొదలై డేటా వెల సామాన్యునకు అందుబాటులోనికి వచ్చెను. 2020 ఉగాదినాడు కేవలము తెలుగువారి కొరకే ఆహా ఆరంభమయ్యెను. ఈటీవీ విన్, జీ5, సన్ నెక్స్ట్, జియోహాట్‌స్టార్ మొదలగునవియు తెలుగు చిత్రములను విరివిగా అందించుచున్నవి. బెంగాలీ వచ్చినవారికి 2017లో మొదలైన హోయిచోయ్ ఉండనే ఉన్నది. వేసవి సెలవులలో ఊరికి పోయినపుడు మాత్రమే తెలుగు సినిమా చూడగలిగిన తరము కన్నులయెదుటనే ఈ మార్పు సంభవించినది.

కొరత తీరినది గాని ఎంపిక కష్టమైనది. రాత్రి భోజనములైన పిమ్మట టీవీ ముందు కూర్చుండి, ఒక వరుస తరువాత మరియొక వరుసగా బొమ్మలు జరుపుచు, ట్రైలర్లు సగము సగము చూచుచు, అరగంట గడచిన తరువాత ఎవరికిని ఇష్టము లేని దేనినో పెట్టుకొనియో, ఏమియు చూడకయో నిద్రకు లేచిపోవుట నేడు ఇంటింట జరుగుచున్నది. ఇందుకు చూచువారి సోమరితనమును నిందించుట న్యాయము కాదు. ఆ తెర ఏ విధముగా పనిచేయుచున్నదో తెలిసికొనినచో, దానిచేత మనకు కావలసిన పని చేయించుకొనుట ఎట్లో తెలియగలదు.

తెర వెనుకనున్న లెక్క

యాప్ తెరవగానే కనబడు వరుసలు అందరికిని ఒక్కటి కావు. ఇదివరకు మనము ఏమి చూచితిమి, దేనిని మధ్యలో విడిచితిమి, ఏ వేళ చూచితిమి, మనవలె చూచిన ఇతరులు తరువాత దేనిని చూచిరి అను విషయములనుబట్టి ఒక గణితపద్ధతి ఆ వరుసలను పేర్చును. ఈ లెక్కను మెరుగుపరచుటకు నెట్‌ఫ్లిక్స్ 2006లో ఒక పోటీని ప్రకటించి, తన అంచనాల ఖచ్చితత్వమును 10 శాతము పెంచిన వారికి 10 లక్షల డాలర్ల బహుమతి ఇత్తునని చెప్పగా, దానిని 2009లో ఒక పరిశోధక బృందము గెలుచుకొనెను. ఆ సంస్థ ఇంజనీర్లే 2015లో ప్రచురించిన వ్యాసమున రెండు సంగతులు గమనింపదగినవి. చూచువాడు 60 నుండి 90 సెకన్లలోపల, 10 నుండి 20 పేర్లు చూచుసరికి విసుగు చెందునని మొదటిది; తమ ప్రేక్షకులు గడపు సమయములో సుమారు 80 శాతము ఈ సూచనల వలన దొరికిన చిత్రములపైననే గడచుచున్నదని రెండవది.

కావున ఆ ఒకటిన్నర నిమిషములోపల మనచేత ఏదో ఒకటి నొక్కింపజేయుటయే ఆ వరుసల కర్తవ్యము. ఒకే చిత్రమునకు ఒకరికి నాయిక ముఖమును, మరియొకరికి పోరాట దృశ్యమును బొమ్మగా చూపుటయు ఈ ప్రయత్నములోని భాగమే. ‘టాప్ 10’ అను వరుసయు ఎక్కువమంది చూచినదానిని తెల్పునే కాని, చూచి సంతోషించినదానిని తెల్పదు. ఈ లెక్కలో మోసమేమియు లేదు. అయితే అది మనము నిన్న చూచినదానికి దగ్గరి చుట్టములను మాత్రమే రేపు తెచ్చి ముందు నిలుపును. మనము ఎన్నడును చూడని, చూచినచో జీవితాంతము తలచుకొనదగిన చిత్రము దాని లెక్కకు సులభముగా అందదు. ఆ చిత్రమును తెచ్చుకొనవలసినది మనమే.

పేరు పట్టుకొని వెదకుట

అందుకు సాధనము తెరమీద ఒక మూలనున్న భూతద్దపు గుర్తే. యాప్ తెరవకముందే ఒక పేరును మనసున నిశ్చయించుకొని, వరుసల జోలికి పోక, నేరుగా ఆ పేరును వెదకుట ఉత్తమ మార్గము. ఆ పేరు నటునిది కంటె దర్శకునిదో, రచయితదో అయినచో ఫలితము మిన్న. ఏలయన ఒక నటుడు సంవత్సరమునకు నాలుగు విధములైన చిత్రములలో కనబడవచ్చును గాని, దర్శకుని దృష్టి, రచయిత అభిరుచి వారి కృతులన్నిటను చాలవరకు నిలిచియుండును.

ఒక ఉదాహరణము చెప్పెదను. 2018లో వెంకటేష్ మహా దర్శకత్వమున వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ ఎందరి హృదయములనో దోచుకొనినది. విశాఖపట్నమున రైలుపట్టాల చేరువనున్న కంచరపాలెములోనే తీసి, ఆ పేటవారినే, అంతకుముందు కెమెరా ముఖము చూడని 80 మందికి పైగా స్థానికులను పాత్రధారులుగా నిలిపి, నాలుగు వయస్సులలోని నాలుగు ప్రేమకథలను ఒక్క సూత్రమున కూర్చిన చిత్రమది. నలుబది తొమ్మిదేండ్లు నిండియు పెండ్లి కాని ఆఫీసు అటెండరు రాజు, ఒడిశానుండి బదిలీపై వచ్చిన అధికారిణి రాధ, వారిని చూచి గుసగుసలాడు వీథి జనము—వీరి నడక, వీరి పలుకు, వీరి మొగమాటము ఖరగ్‌పూర్ తెలుగువారికి ఎంతయు పరిచితములు. ఆ దర్శకుని పేరు పట్టుకొని వెదకినచో, 2020 జూలైలో నెట్‌ఫ్లిక్స్ నందు నేరుగా విడుదలయిన ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ దొరకును. అరకు లోయలో ఒక ఫొటో స్టూడియో యజమాని అవమానము పొంది ప్రతిజ్ఞ పట్టుట అందలి కథ. అది 2016 నాటి మలయాళ చిత్రము ‘మహేషింటె ప్రతికారము’నకు తెలుగు రూపమని తెలిసికొన్నచో, మూలమును చూడవలెనను కోరిక కలుగును; అచ్చటనుండి మలయాళ సినిమాలకు ఒక త్రోవ ఏర్పడును. ఒక్క పేరు వెంట మూడు మంచి చిత్రములు వచ్చినవి. యాప్‌లోని వరుసలు ఈ క్రమమున వీనిని చూపవు.

ఇట్టి పేర్లు ఎక్కడ దొరకునని అడుగవచ్చును. జాతీయ చలనచిత్ర పురస్కారములలో ఏటేటా ఉత్తమ తెలుగు చిత్రమును ప్రకటించుచున్నారు. 2020లో ఆహాలో వచ్చిన ‘కలర్ ఫొటో’కు ఆ గౌరవము దక్కినది. 1964 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమిచ్చుచు వచ్చిన నంది పురస్కారముల జాబితా తెలుగు సినిమా చరిత్రకు ఒక సూచికవంటిది. తెలంగాణ ప్రభుత్వము గద్దర్ పేరిట పురస్కారములను నెలకొల్పినది. ఇవి తుది తీర్పులు కాకపోవచ్చును గాని వెదకుటకు మంచి ఆరంభములు. చిత్రము పేరు తెలిసి, అది ఏ యాప్‌లో నున్నదో తెలియనపుడు జస్ట్‌వాచ్ వంటి ఉచిత సేవలందు పేరు కొట్టినచో స్థానము తెలియును. ప్రసారహక్కులు గడువుతో కూడినవి గావున నేడొకచోట నున్నది రేపు మరియొకచోట నుండవచ్చునని గుర్తుంచుకొనవలెను.

భాష సంగతి

ప్రవాసాంధ్రులకు మరియొక చిక్కు కలదు. 2022 మే నెలలో ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఓటీటీకి వచ్చినపుడు నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ రూపము మాత్రమే లభించెను; తెలుగు రూపము జీ5లో నుండెను. రెండు సంస్థలు వేరువేరు భాషల హక్కులను కొనుటచేత ఇట్లు జరిగినది. రైల్వే పట్టణములో తెలుగు పెద్దమ్మ ఒకరు టీవీ ముందు కూర్చుండి, ఆ చిత్రమందలి నాయకులు రామరాజు, భీముడు హిందీలో మాటలాడుచుండగా మనుమని వంక తిరిగి “ఇదేట్రా, మన బాస రాదేటి?” అని అడిగినచో, అందుకు జవాబు మనుమని చేతిలోనే యున్నది. చిత్రము నడుచుచున్నపుడు ఆడియో అను చోట నొక్కి భాషల పట్టికను చూడవలెను. అందు తెలుగు లేకున్నచో ఇతర యాప్‌లలో వెదకవలెను. ఈ రెండు పనులకు రెండు నిమిషములకంటె ఎక్కువ పట్టదు.

బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు మాధ్యమములలో చదువుచున్న ఇచ్చటి పిల్లలలో తెలుగు మాటలాడగలిగియు తెలుగు లిపి చదువలేనివారు కలరు. అట్టివారికి తెలుగు ఆడియోయు, ఇంగ్లీషు సబ్‌టైటిల్సును కలిపి పెట్టినచో, చెవి తెలుగును గ్రహించుచుండగా కన్ను అర్థమును అందించును. ఇంటిలో వినబడు నాలుగు మాటలకు ఆవల తెలుగు ఎంత విశాలమైనదో వారికి తెలియుటకు ఇంతకంటె సులభసాధనము వేరొకటి లేదు.

ఆ విశాలత్వమును చూపుటకు ఇటీవలి చిన్న చిత్రములే పెద్ద దిక్కు. 2020 నవంబరులో ప్రైమ్ వీడియోలో విడుదలయిన, వినోద్ అనంతోజు దర్శకత్వము వహించిన ‘మిడిల్ క్లాస్ మెలోడీస్’లో గుంటూరున హోటలు పెట్టి తన బొంబాయి చట్నీ రుచి లోకమునకు చూపవలెనని తపించు యువకుని మాటతీరు ఒకటి. 2019 నాటి ‘మల్లేశం’లో, చీరల నేతకై ఆసు పోయుచు తల్లి పడు భుజముల నొప్పిని చూడలేక ఆసు యంత్రమును కనిపెట్టిన చింతకింది మల్లేశము వారి తెలంగాణ పల్లెమాట మరియొకటి. వేణు ఎల్దండి తీసిన 2023 నాటి ‘బలగం’లో, ఇంటిపెద్ద మరణించిన పిదప పిండమును కాకి ముట్టకుండుటతో బయటపడు బంధువుల మనఃక్లేశమును పలికిన భాషయు ఆ నేలదే. ప్రవీణ్ కాండ్రేగుల తీసి 2021లో నెట్‌ఫ్లిక్స్‌కు ఇచ్చిన ‘సినిమా బండి’లో, తన ఆటోలో ఎవరో మరచిపోయిన కెమెరాతో ఊరంతటిని కలిపి సినిమా తీయబూనిన వీరబాబు మాట వేరొక యాసకు చెందినది. ఈ నాలుగింటిని నాలుగు వారములలో చూచిన పిల్లవానికి తెలుగుదేశమున పలు మూలలకు ప్రయాణము చేసినంత ఫలము కలుగును. కుటుంబమంతయు కలిసి చూచుటకు వెబ్ సిరీస్ కావలెనన్న, 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన, ఆదిత్య హాసన్ దర్శకత్వమున శివాజీ గణితోపాధ్యాయునిగా నటించిన ‘90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ను నిస్సంశయముగా పేర్కొందును. జీతము రాళ్ళను లెక్కించి లెక్కించి ఇల్లు నడపిన తండ్రిని ఖరగ్‌పూర్‌లో ఏ రైల్వే కుటుంబమైనను తన ఇంటివానిగా గుర్తుపట్టగలదు.

బెంగాలు నేలకు, తెలుగు తెరకు

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇతరులకు లేని ఒక సౌభాగ్యము కలదు. వారు బెంగాలీ వినగలరు, అర్థము చేసికొనగలరు. ఇది సినిమా విషయమునను అక్కరకు వచ్చును; ఏలయన తెలుగు సినిమా బాల్యము కొంత కలకత్తాలోనే గడచినది. సి. పుల్లయ్య దర్శకత్వమున 1933లో ‘సావిత్రి’ని, 1934లో ‘లవకుశ’ను నిర్మించినది కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ. బెంగాలీ రచయిత శరత్ నవల నుండి 1953లో వేదాంతం రాఘవయ్య ‘దేవదాసు’ను తీయగా అక్కినేని నాగేశ్వరరావు ఆ పాత్రను తెలుగువారి మనసులలో శాశ్వతముగా నిలిపెను. 1955 నాటి ‘మిస్సమ్మ’కు ఆధారము రవీంద్రనాథ మైత్రా హాస్యరచన ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’. అటుపిమ్మట బెంగాలీ దర్శకులే తెలుగు చిత్రములను తీసిరి. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ ఆధారముగా ‘ఒక ఊరి కథ’ను, గౌతమ్ ఘోష్ తన తొలి కథాచిత్రముగా తెలంగాణ రైతాంగ పోరాటముపై ‘మా భూమి’ని తీసి తెలుగు తెరకు మహోపకారము చేసిరి.

ఈ చిత్రములను జంటలుగా చూచుట ఎంతయో విజ్ఞానదాయకము. 1935లో ప్రమథేశ్ బారువా తీసిన బెంగాలీ ‘దేవదాస్’ దొరికినచో దానిని ముందుచూచి, తరువాత తెలుగు ‘దేవదాసు’ను చూడుడు, ఒకే దుఃఖమును రెండు జాతులు ఏ విధముగా పలికించుకొనినవో మీకే బోధపడును. బెంగాలీ పొరుగింటివారిని పిలిచి ఇంగ్లీషు సబ్‌టైటిల్సుతో ‘మాయాబజార్’ చూపించి, వారు ‘పథేర్ పాంచాలి’ని వివరింపగా విని చూచినచో ఒక సాయంకాలము మరపురాని విద్యాగోష్ఠి కాగలదు. పాత తెలుగు చిత్రములు అనేకము యూట్యూబ్‌లో నిర్మాతల, హక్కుదారుల అధికారిక ఛానళ్ళలో ఉచితముగా లభించుచున్నవి. ప్రసారభారతి 2024 నవంబరులో ప్రారంభించిన వేవ్స్‌లో దూరదర్శన్ నాటి పాత కార్యక్రమములును దొరకును. కావున మంచి చిత్రము చూచుటకు ప్రతిసారియు డబ్బే కావలెనని తలంపనక్కరలేదు.

ఇంటి ఏర్పాట్లు

కొన్ని చిన్న ఏర్పాట్లవలన ఇంటిలో పెద్ద మేలు కలుగును. తాతకు, తల్లికి, పిల్లకు వేరువేరు ప్రొఫైళ్ళు ఏర్పరచినచో ఒకరి ఇష్టము మరియొకరి వరుసలను చెడగొట్టదు. పొరపాటున నొక్కిన చిత్రమును చూచినవాని పట్టికనుండి తొలగించుటకు నెట్‌ఫ్లిక్స్‌లో వీలున్నది. దానివలన లెక్క సవరింపబడును. ట్రైలర్లు తమంతట తాము మొదలగుటను సెట్టింగ్స్‌లో ఆపివేయవచ్చును. అప్పుడు మనస్సు నిలకడగా చూడవలసినదానిని ఎంచుకొనును. పిల్లల విషయమున 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము తెచ్చిన నియమములు మనకు తోడ్పడును. వాని ప్రకారము ప్రతి చిత్రమునకు యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అను గుర్తులలో ఒకటి ఉండవలెను. 13+ మొదలుకొని పై వానికి తల్లిదండ్రులు తాళము వేసికొను సౌకర్యమును సంస్థలు కల్పింపవలెను. ఆ తాళమును వేసి పిన్ నంబరును పెద్దలు మాత్రమే ఉంచుకొనుట శ్రేయస్కరము.

డేటా మితముగా నున్న ఇండ్లవారు నాణ్యతను తగ్గించి చూడవచ్చును. హైడెఫినిషన్ చిత్రము గంటకు 3 జీబీ వరకు మ్రింగగలదు. ఇంటి వైఫైతో ముందే డౌన్‌లోడ్ చేసికొనినచో సెలవులకు ఊరికి పోవుచు ఫలక్‌నుమాలోనో, కోరమండల్‌లోనో సిగ్నలు లేకున్నను చూడవచ్చును. సభ్యత్వములన్నియు ఒకేసారి కొనుట కూడ అనవసరము. ఒక నెల ఒకటి తీసికొని, ముందే వ్రాసిపెట్టుకొనిన నాలుగు పేర్లను చూచి, దానిని ఆపి మరునెల వేరొకటి తీసికొనినచో వ్యయము తగ్గును, చూచునది పెరుగును. ఇందుకొరకు ఒక చిన్న నోటుపుస్తకము చాలును. ఎవరైన మంచి చిత్రమని చెప్పినపుడు పేరును, చెప్పినవారి పేరును, చూచిన పిమ్మట రెండు ముక్కల అభిప్రాయమును వ్రాసికొనుట మొదలుపెట్టినచో, ఒక సంవత్సరమునకు ఆ ఇంటికి సరిపడు స్వంత జాబితా తయారగును. ఏ యంత్రమును దానికి సాటి రాదు, ఏలయన అది మీ ఇంటివారి అభిరుచిచే, మీరు నమ్మినవారి మాటచే కూడినది.

దొంగచాటుగా టెలిగ్రామ్‌లో తిరుగు ప్రతులను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. పెద్ద హీరో చిత్రమునకు దాని వలన కలుగు నష్టమును ఎవరైన లెక్కింతురు గాని, అంతగా పేరులేని నటులతో, తక్కువ ఖర్చుతో తీసిన చిన్న చిత్రము సొమ్ము చెల్లించి చూచువారి సంఖ్యనుబట్టియే బ్రదుకును. అట్టి చిత్రము బ్రదికినపుడే దాని దర్శకుడు రెండవ చిత్రము తీయగలడు. మనము కోరు మంచి సినిమా రేపు కూడ పుట్టవలెనన్న నేడు దానికి తగిన మూల్యమును ఇచ్చి చూచుట మన ధర్మము.

కావున ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబములకును, వారివలె పరప్రాంతములలో తెలుగును కాపాడుకొనుచున్న వారందరికిని నా విన్నపమిది. వారమునకు ఒక్క రాత్రినైనను యాప్ చూపు వరుసలను ప్రక్కనబెట్టి, ఇంటిలోని వారొకరు పేరు పెట్టి ఎన్నిన చిత్రమును అందరును కలిసి ఆద్యంతము చూడుడు. ఈ వారము తాత చెప్పినది, వచ్చు వారము మనుమరాలు చెప్పినది. చూచిన పిమ్మట ఫోనులు ప్రక్కనుంచి పది నిమిషములు దానిని గూర్చి తెలుగులో మాటలాడుడు. తెలుగు చిత్రములతో ఆరంభింపుడు. వీలైనచో ఈ వారమే ‘కేరాఫ్ కంచరపాలెం’తో ఆరంభింపుడు.